దినవారీ వాటాల వ్యాపారమునందు రెండు మార్గములు



వన్ టౌనులోని మన దుకాణములయందు ధాన్యము, పప్పులు, మిర్చి, వస్త్రముల ధరలనుగూర్చి ముచ్చటించుట మన పెద్దల వాడుక. నేడు మన యువకులు గల్లాకడ గూర్చుండియే చేతిలోని ఫోనున ఉదయము వాటాలు కొని సాయంకాలమున కమ్ముచున్నారు. వారిని నిందించుట నా యుద్దేశము కాదు. వారు నడచు త్రోవ యెట్టిదో విన్నవించెదను.

ఈ వ్యాపారమున ముఖ్యముగా రెండు మార్గములు గలవు. పెరుగుచున్న ధర యింకను బెరుగునని కొనుట మొదటిది. దీనిని ట్రెండ్ ఫాలోయింగ్ అందురు. మితిమీరి పడిన ధర మరల సగటునకు వచ్చునని కొనుటయు, మితిమీరి పెరిగినదాని నమ్ముటయు రెండవది. ఇది మీన్ రివర్షన్. మొదటివాడు కృష్ణలో వాలునబడి పోవు పడవవాడు. రెండవవాడు వరద తీయునని గట్టున గాచియుండువాడు.

రెంటికిని పండితుల పరిశోధనలు ఆధారముగ నున్నవి. నరసింహన్ జెగదీశ్ అమెరికా వాటాలను బరిశీలించి, ఒక నెలలో తక్కినవానికంటె మిక్కిలి పెరిగినవి మరుసటి నెలలో వెనుకబడుటయు, పడినవి లేచుటయు 1990లో చూపెను. ఆయనయే షెరిడాన్ టిట్మన్‌తో గూడి 1993లో, మూడు మొదలు పండ్రెండు నెలల కాలమున ముందున్నవే యింకను ముందుకు సాగుట చూపెను. కాలపరిమితి మారిన ఫలము మారును గనుక ఏది సత్యమను వాదము వ్యర్థము.

విచారింపవలసినది నష్టము వచ్చు తీరు. వాలున బోవువానికి చిన్న నష్టములు పెక్కు, పెద్ద లాభములు కొన్ని. మరలునని కాచువానికి చిన్న లాభములు పెక్కు. కాని యొక్క నష్టము వానినన్నిటిని మ్రింగవచ్చును. ఈ రెండవ మార్గము వర్తకుల మనస్సున కింపుగా నుండును. పంట వచ్చినపుడు ధాన్యపు ధర తగ్గి, నిలువ తరుగుకొలది పెరుగుట మన మెరిగినదే గదా! కాని ధాన్యము మరల పెరుగుటకు కారణము గలదు. మనుష్యునకు అన్నము గావలెను. వాటాకు అట్టి పూచీ లేదు.

హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ వాటా 2008 డిసెంబరు 16న సుమారు 226 రూపాయలుండి, మరునాడు 158కి పడెను. మరలునని అప్పుడు కొని నిలిపినవారు 2009 జనవరి 6న 179 చూచి సంతసించి యుందురు. మరునాడు సంస్థాధ్యక్షుడు రామలింగరాజు లెక్కలలో మోసము చేసినట్లు లేఖ వ్రాయగా, ఆ యొక్క దినముననే ధర 40 రూపాయలకు దిగెను. ఇంత ధర కమ్ముడని ముందు చెప్పి యుంచినను, నడుమ కొనువాడు లేనపుడు ఆ యుత్తరువు కాపాడదు. ఒక్క వాటాయందు ఎంత సొమ్ము పెట్టితిమనునదియే యప్పుడు రక్షణ.

సెబీ 2024 సెప్టెంబరున వెల్లడించిన ప్రకారము, 2021-22 మొదలు 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. ఆ నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించెను. 2022-23లో వాటాలను కొన్నదినముననే యమ్మినవారిలో పదింట ఏడుగురు నష్టపోయిరి. ఏటికి 500 బేరములకు మించి చేసినవారిలో నూటికి 80 మంది. ప్రతి బేరమునకును దళారీ రుసుము, పన్ను తప్పవు గదా!

కావున యువకులకు నా మనవి యిది. సరకు కొను సొమ్మును, చదువులకై దాచిన సొమ్మును దీనియందు పెట్టకుడు. ఏ మార్గమున కొనుచున్నారో, ఏ ధరకు విడిచెదరో కొనుటకు ముందే వ్రాసికొనుడు. పడినకొలది మరల కొని సగటు తగ్గింతుమను నాశ విడువుడు. దుకాణమునకు వలెనే దీనికిని చిట్టా, ఆవర్జా వేరుగ నుంచి, రుసుములు పోగా మిగిలినదే లాభముగా లెక్కింపుడు. పెద్దలు నెలకొకమారు ఆ పుస్తకము నడిగి చూడవలెనని ప్రార్థించుచున్నాను.