కూడలి ప్రమాదాలు - పరిహారపు హక్కు

కూడలిలో అనేక వాహనాలు ఢీకొని, ఒకరికి మించిన డ్రైవర్ల అజాగ్రత్త వల్ల ప్రయాణికుడో పాదచారియో గాయపడితే, దానిని న్యాయశాస్త్రం సంయుక్త నిర్లక్ష్యం అంటుంది. గాయపడిన వ్యక్తి తప్పు కూడా అందులో ఉంటే అది సహకార నిర్లక్ష్యమై, ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. మొదటి సందర్భంలో బాధితుడు బాధ్యులలో ఏ ఒక్కరి నుంచైనా పూర్తి పరిహారం రాబట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయి కేసులో స్పష్టం చేసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం, ఇటువంటి పరిహారాలను నిర్ణయించే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో, ప్రమాదం జరిగిన చోటనే కాక బాధితుడు నివసించే ప్రాంతంలో కూడా దరఖాస్తు వేయవచ్చు. 2019 నాటి సవరణ ఇందుకు ఆరు నెలల గడువు విధించినందున, బాధితులు ఎఫ్‌ఐఆర్ ప్రతిని, వైద్య పత్రాలను భద్రపరచుకొని, జాప్యం చేయకుండా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి.