చేతి గడియారం – నాడి పరీక్ష
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విజయనగరంలో చదువుకునే రోజుల్లో టైము తెలియాలంటే గంటస్తంభం వైపు తలెత్తి చూసేవాళ్లం. ఉద్యోగంలో చేరాక హెచ్.ఎం.టి. గడియారం కొనుక్కుని రోజూ ఉదయం కీ ఇచ్చుకున్నాను. ఇప్పుడు మా అబ్బాయి తెచ్చిన గడియారం నా నాడి లెక్కపెడుతోంది. మనలో చాలామంది చేతులకు ఇలాంటివే కనిపిస్తున్నాయి గనుక, వీటిని ఎంతవరకు నమ్మవచ్చునో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ఈ గడియారంలో పళ్లచక్రాల బదులు చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని నడిపే ప్రోగ్రామునే ఆపరేటింగ్ సిస్టం అంటారు. గూగుల్ సంస్థ 2014లో ఆండ్రాయిడ్ వేర్ తెచ్చింది. 2018లో దాని పేరు వేర్ ఓఎస్‌గా మారింది. 2015లో ఆపిల్ గడియారం వచ్చింది. టైజెన్ అనే సిస్టం వాడుతూ వచ్చిన శాంసంగ్ 2021లో గూగుల్‌తో కలిసింది.

మొదట్లో ఫోను సందేశాలు, అడుగుల లెక్క, నాడి – ఇంతవరకే. 2018లో ఆపిల్ గడియారం ఇ.సి.జి. తీయడానికి అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. అనుమతించింది. అక్కడ సెప్టెంబరులో గడియారం కొన్నవారికి ఆ సదుపాయం డిసెంబరులో సాఫ్ట్‌వేరు మార్పుతో అందింది. మన దేశానికి 2019లో వచ్చింది. కొన్న వస్తువు ఇంట్లో ఉండగానే కొత్త విద్య నేర్చుకుందన్నమాట!

నాడి చూసే పద్ధతి సులువైనదే. గడియారం అడుగునుంచి ఆకుపచ్చ కాంతి చర్మం మీద పడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం హెచ్చుతగ్గులవుతుంది. తిరిగివచ్చే కాంతి కూడా ఆ ప్రకారం మారుతుంది. ఆ మార్పులనే లెక్కిస్తుంది.

ఇక అసలు విషయం. శ్రీకాకుళంలో మా బావగారు చవకలో ఒక గడియారం కొన్నారు. నాడి, బి.పి.తో పాటు సుగర్ కూడా చూపేది. ఎప్పుడు చూసినా 112! "ఇంకెందుకు బావా వేలు పొడిపించుకోవడం?" అని నాలుగు నెలలు రక్తపరీక్ష మానేశారు. కాలి పుండు ఎంతకూ మానకపోతే పరీక్ష చేయించాం. సుగర్ మూడు వందలు దాటింది.

ఆ గడియారం తెచ్చి అరటిపండుకు కట్టాను. పండు నాడి 74 అని చూపింది! మనం ఏటేటా బతికున్నామని రుజువు చూపుకుంటుంటే, అది అరటిపండుకు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేసింది.

చర్మాన్ని గుచ్చకుండా, తనంతట తానే సుగర్ కొలిచే గడియారానికి గాని, ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. శాంసంగ్ గడియారంలో బి.పి. చూసుకోవాలన్నా 28 రోజులకొకసారి చేతిపట్టీ మిషనుతో సరిచూడాలి. చూపులకు అన్నీ ఒకటే. లోపలి సాఫ్ట్‌వేరును ఎవరు పరీక్షించారన్నదే తేడా.

మన ఉద్దానంలో, కవిటి, సోంపేట ప్రాంతాల్లో, కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు తెలుసు. అది మొదట్లో పైకి కనబడదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఆ సంగతి మన చేతి గడియారాలు చెప్పలేవు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. బిడ్డలు గడియారం కొనిపెడతామంటే, ముందు ఆ పరీక్షలు చేయించమనండి.

నా మనవి ఒక్కటే. అడుగులకు, నాడికి గడియారం వాడుకోండి. గుండె లయ తప్పిందని అది చెబితే డాక్టరుకు చూపించండి. అది ఏమీ చెప్పకపోయినా ఛాతీలో నొప్పి వస్తే ఆగకుండా 108కి ఫోను చేయండి. అంకె చూసి మాత్ర మాత్రం మానకండి.

బావగారి కాలు మానింది. ఆ గడియారం ఇప్పటికీ కట్టుకుంటున్నారు, టైము చూసుకోవడానికి.