జ్ఞానమునకు జడిసిన యంత్రము

2018వ సంవత్సరము ఫిబ్రవరి నెల మధ్యలో తెలుగు లిపి పేరు దేశదేశముల పత్రికలలో కనబడినది. అందుకు కారణము మన కావ్యములు గావు, శిలాశాసనములు గావు. 'జ్ఞా' అను ఒక్క అక్షరము. ఆ అక్షరము తెరమీద కనబడినంతనే అమెరికా దేశపు యాపిల్ సంస్థవారి ఐఫోన్లు మొరాయిస్తున్నవనీ, తెరచిన యాప్ తెరచినట్టే మూతబడుతున్నదనీ వార్తలు వచ్చినవి. జ్ఞానమను మాట మొదటి అక్షరమును చూచియే యంత్రము జడిసినదని హాస్యమాడుటకు అది మంచి అవకాశము. కాని ఆ హాస్యము వెనుక తెలుగువారు పట్టించుకొనవలసిన గట్టి విషయము ఒకటి ఉన్నది. దానిని నిదానముగా విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట జరిగినదేమో చూతము. అప్పటికి ఐఫోన్లలో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ 11.2.5 సంఖ్య గల కూర్పు. ఆ కూర్పు ఉన్న ఫోనుకు ఈ అక్షరముతో ఒక సందేశము వచ్చినదనుకొందము. సందేశమును తెరచినవెంటనే ఆ యాప్ మూతబడుతుంది. మరల తెరచిన, అక్షరము అక్కడనే ఉన్నది కనుక మరల మూతబడుతుంది. వాట్సప్, జీమెయిల్ వంటివన్నియు ఈ విధముగానే కూలినవి. వచ్చిన సందేశమును తెలియజేయు చిన్న ప్రకటనలో ఆ అక్షరము ఉన్నచో ఫోను మొత్తము స్తంభించిపోయిన సందర్భములున్నవి. ఐప్యాడ్లకు, మాక్ కంప్యూటర్లకు, ఆ సంస్థవారి చేతి గడియారములకు కూడ ఈ బాధ తప్పలేదు. కొందరు ఆకతాయిలు ట్విట్టరులో తమ పేరు ప్రక్కన ఆ అక్షరమును తగిలించుకొని, చూచినవారి ఫోన్లు ఆగిపోవుట వినోదముగా భావించినారు. చివరకు ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 సంఖ్య గల కూర్పును విడుదల చేసి యాపిల్ సంస్థ ఆ దోషమును సవరించినది.

ఇంతకును దోషము ఎచ్చట ఉన్నది? ఇంగ్లీషు అక్షరములు బడిపిల్లలు వరుసగా నిలుచున్నట్టు ఒకదాని ప్రక్కన ఒకటి నిలుస్తవి. మన అక్షరములు అట్లు కావు. హల్లుమీద తలకట్టు, గుడి, కొమ్ము చేరుతవి. క్రింద వత్తు చేరుతుంది. ఒక్కొక్కప్పుడు వత్తు ప్రక్కకు జరిగి కూర్చుంటుంది. వెనుకటి అచ్చుకూటములలో సీసపు అక్షరములను కేసులోనుండి ఏరి కూర్చిన కంపోజిటరు ఈ చిక్కులన్నియు చేతితో విప్పుకొన్నవాడు. ఏ వత్తు ఎక్కడ పెట్టవలెనో అతని వ్రేళ్లకు తెలుసు. ఈనాడు ఆ పనిని ఫోనులోని సాఫ్ట్‌వేర్ చేస్తున్నది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరికినది. ప్రతి హల్లునకు, ప్రతి గుణింతపు గుర్తునకు ఒక సంఖ్య ఉన్నది. యంత్రములో నిలువయుండునవి ఆ సంఖ్యలే. వాటిని చదివి తెరమీద అక్షరముగా పోతపోయుట సాఫ్ట్‌వేర్ బాధ్యత.

మనకు ఒక్కటిగా కనబడు 'జ్ఞా' యంత్రమునకు ఒక్కటి కాదు. జకారము, దాని తరువాత పొల్లు, దాని తరువాత ఞకారము, చివర దీర్ఘము. ఇవి నాలుగు గుర్తులు. ఫోన్లను కూల్చిన వరుసలో వీటితోపాటు అయిదవది ఒకటి ఉన్నది. అది కంటికి కనబడదు. ఞకారమునకు, దీర్ఘమునకు నడుమ నక్కి కూర్చున్నది. అక్షరములను కలియనీయక విడిగా ఉంచుటకు ఏర్పరచిన గుర్తు అది. కనుక మామూలుగా వ్రాసిన జ్ఞానము, జ్ఞాపకము, విజ్ఞానము అను మాటలవలన ఏ ఫోనుకును హాని కలుగలేదు. పత్రికలు 'తెలుగు అక్షరము' అని వ్రాసినవేగాని, నిజమునకు ఒక ప్రత్యేకమైన కూర్పు వలన వచ్చిన చిక్కు అది. అటువంటి కూర్పులు వంగ లిపిలోను, దేవనాగరి లిపిలోను కూడ ఆ యంత్రములను కూల్చగలవని పరిశీలించినవారు తరువాత చూపించినారు.

ఆ కనబడని గుర్తు ఎందుకు, దానిని తీసివేసిన సరిపోదా అని ఎవరైన అడుగవచ్చు. సరిపోదు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటనే తీసుకొందము. ఇందులో 'ట్' పొల్లుగా నిలువవలెను. తరువాతి వకారము దానికి వత్తుగా మారరాదు. ఆ గుర్తు లేకపోయినచో రెండును కలిసిపోయి 'సాఫ్ట్వేర్' అని తయారగును. పరభాషాపదములు ఇంతగా చేరిన నేటి తెలుగు వ్రాతలో ఆ గుర్తు రోజూ పనిచేస్తున్నది. 'జ్ఞా' నడుమ దానికి పని లేదు, నిజమే. కాని పనిలేనిచోట పడిన గుర్తును పట్టించుకొనక ముందుకు సాగుట మంచి యంత్రము లక్షణము. అచ్చుకూటములో ఒక సీసపు ముక్క ఎక్కువపడిన కంపోజిటరు దానిని తీసి ప్రక్కన పెట్టినాడుగాని, అచ్చుయంత్రమును ఆపి ఇంటికి పోలేదు.

యాపిల్ సంస్థ తన భద్రతా ప్రకటనలో ఈ దోషమును వివరించిన తీరు గమనింపదగినది. దురుద్దేశముతో కూర్చిన అక్షరముల వరుసను చదువునపుడు యంత్రపు జ్ఞాపకస్థానము చెడిపోవచ్చునని దాని సారాంశము. అటువంటి ప్రకటనలలో అది వాడుకగా వచ్చు మాటయే. తెలుగుమీద ద్వేషముతో అన్నది కాదు. అయినను, ఆ వరుసలో దురుద్దేశము ఎవరిది? జకారమునకు లేదు, ఞకారమునకు లేదు. వాటిని చదువుట సరిగా నేర్వనిది యంత్రము.

ఇది ఒక్కసారి జరిగిన ముచ్చటయైన మరచిపోవచ్చును. 2015 మే నెలలో అరబ్బీ అక్షరములు కలిసిన ఒక సందేశము ఐఫోన్లను ఆర్పి వెలిగించినది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరములతో ఇటలీ దేశపు జెండా బొమ్మ కలిసిన సందేశము ఐఫోన్లను స్తంభింపజేసినది. అరబ్బీ, తెలుగు, సింధీ, ఈ మూడింటిని వరుసగా పెట్టి చూచినచో ఒక సంగతి స్ఫురిస్తుంది. యంత్రమును పరీక్షించునపుడు ఏ భాషలవారు ఎదుట కూర్చున్నారో ఆ భాషలలో అది తడబడదు. తక్కిన భాషలవారు డబ్బిచ్చి కొన్న తరువాత పరీక్ష చేయువారగుచున్నారు.

మరియొక లెక్క చూడుడు. మొదటి ఐఫోను 2007లో పుట్టినది. మన దేశములో 2008లో అమ్మకమునకు వచ్చినది. ఆ ఫోనులోని ఆజ్ఞలను, అమరికలను తెలుగులో చదువుకొను వీలు 2025లో, 18.4 సంఖ్య గల కూర్పుతో వచ్చినది. నడుమ గడచినవి పదునెనిమిది సంవత్సరములు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలమంది. ఇంతమంది భాష పదునెనిమిదేండ్లు వాకిట నిలువవలసివచ్చినది.

ఇదంతయు పట్నములలో ఖరీదైన ఫోన్లు చేతబట్టినవారి గొడవ, మనకేమి అని రావికమతం చుట్టుప్రక్కల గ్రామములలోని శ్రోతలు అనుకొనవచ్చు. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన మండలము అది. కళ్యాణపులోవ జలాశయము క్రింద పైరు పెట్టుకొను రైతు ఐఫోను కొనకపోవచ్చు. కాని అతని కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేస్తూ ఉండవచ్చు. తండ్రి తన చవక ఫోనులో తెలుగున వ్రాసి పంపిన నాలుగు మాటలు కుమారుని ఖరీదైన ఫోనులో చక్కగా తెరచుకొనవలెను గదా! పంపినచోట ఏ దోషమును లేదు. అందినచోట యంత్రము తలక్రిందులయినది. సందేశమునకు రెండు చివరలున్నవి. ఒక చివర ఎప్పుడును మన గ్రామములోనే ఉంటుంది.

గ్రామమునకు సంబంధించిన రెండవ సంగతి మరమ్మతు. చేనిలో మోటారు కాలిపోయిన, కొత్తకోటలోనో రావికమతంలోనో వైండింగు చేయువానివద్దకు తీసుకొనిపోతాము. అతడు విప్పి చూచి, చెడినదేమో చెప్పి, తీగె చుట్టి ఇస్తాడు. ధరమీద బేరమాడవచ్చు, బాగుపడకపోయిన పోయి అడుగవచ్చు. ఫోనులో అద్దము పగిలిన మార్చువారు ఉన్నారు. కాని లోపలి సాఫ్ట్‌వేర్ చెడినచో ఎంతటి నిపుణుడైన చేయగలిగినది స్వల్పము. 2018లో ఆ దోషమును సవరించు అధికారము భూమండలము మొత్తముమీద ఒక్క సంస్థకే ఉన్నది. అది సవరించువరకు మరియొకరిచేత వేరొక సందేశము పంపించుకొని, ఆ వెనుక మొదటిదానిని తుడిచివేయుట వంటి ఉపాయములతో జనులు కాలక్షేపము చేసినారు. వస్తువు మనది, తాళపుచెవి వారిది.

ఆ తాళపుచెవిని యజమానికి తెలియకుండ త్రిప్పుటయు జరిగినది. పాతబడిన బ్యాటరీలుగల ఐఫోన్ల వేగమును తన సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించినట్లు యాపిల్ సంస్థ 2017 డిసెంబరులో అంగీకరించినది. ఫోను ఆకస్మికముగా ఆగిపోకుండ అట్లు చేసితిమని సంస్థ సమాధానము. ఆ సమాధానములో కొంత నిజమున్నది. కాని కొన్నవారికి ఆ మాట ముందుగా చెప్పలేదు. బ్యాటరీ మార్చిన సరిపోవుచోట ఫోనే ముసలిదైనదనుకొని క్రొత్తది కొన్నవారి సంగతి ఏమి? ఫ్రాన్సు దేశపు అధికారులు ఈ విషయములో 2020 ఫిబ్రవరిలో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించినారు. అదే సంవత్సరము మార్చిలో అమెరికాలోని వ్యాజ్యమును 50 కోట్ల డాలర్లవరకు చెల్లించు షరతుతో సంస్థ రాజీ చేసుకొన్నది. అక్కడివారు అడిగినారు గనుక సమాధానము వచ్చినది.

మన దేశములో అడుగుటకు త్రోవలు లేకపోలేదు. ఇంటర్నెట్టులో సేవలందించు సంస్థలు ఫిర్యాదులు స్వీకరించు అధికారిని నియమించి, నిర్ణీతమైన గడువులో సమాధానమీయవలెనని 2021 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ అధికారి నిర్ణయము నచ్చనివారు చెప్పుకొనుటకు కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో అప్పీలు సంఘములను ఏర్పరచినది. ఫోన్లు, వ్యవసాయపు పరికరములు మొదలగువాటి మరమ్మతు సమాచారము ఒకచోట దొరుకుటకు 2022 డిసెంబరులో ఒక వేదిక ఆరంభమైనది. వస్తువు విషయములో అన్యాయము జరిగినదనుకొన్నవారు 1915 అను సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే వినియోగదారుల సహాయకేంద్రమువారితో మాట్లాడవచ్చు. ఈ త్రోవలు నలిగినవి కావు, నిజమే. నడిచిన కొలది త్రోవ నలుగుతుంది.

అడుగవలసినవి మూడు. ఏ కూర్పునైనను విడుదల చేయుటకు ముందు తెలుగు వ్రాతతో, వత్తులతో, పొల్లులతో, పరభాషాపదములతో క్షుణ్ణముగా పరీక్షించవలెను. దోషము బయటపడినపుడు దానిని మనము తెలుగులో చెప్పుకొనుటకు, తెలుగులో జవాబు పొందుటకు వీలుండవలెను. పాతబడిన పరికరమును దగ్గరి పట్టణములోనే బాగుచేయించుకొనుటకు భాగములు, సమాచారము దొరకవలెను. ఇందులో దానముగా అడుగునది ఏదియు లేదు. సొమ్ము చెల్లించిన కొనుగోలుదారు ఎవరైన అడుగదగినవే.

ఇక మనము చేయవలసినది ఒకటి ఉన్నది. అక్షరమువలన చిక్కు వచ్చినపుడు అందరికిని తోచు సులభోపాయము ఆ అక్షరమును మానుట. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయు అలవాటు ఇప్పటికే చాలమందికి ఉన్నది. యంత్రమునకు ఎక్కడ కష్టము కలుగునో అని మన వ్రాతను మార్చుకొన్నచో, యంత్రము నేర్చుకొనవలసిన అవసరమే తప్పిపోవును. మనము ఎంత తెలుగు వ్రాసిన అది అంత పరీక్షకు గురియగును. ఎన్ని దోషములు చూపిన అన్ని సవరణలు పొందును. 2018లో ఆ దోషము సవరింపబడుటకు కారణము అది లోకమునకంతకు కనబడుట. ఒక్క తెలుగువారికి మాత్రమే కనబడు చిన్న దోషములు ఇంకను ఉండవచ్చు: విరిగిన వత్తు, జారిన దీర్ఘము, తప్పుగా దిద్దబడిన మాట. వాటిని గుర్తించి చెప్పగలవారము మనమే. సందేశము వ్రాయునపుడు ఇటువంటిది కనబడిన, విసుగుకొని ఊరకుండక ఫిర్యాదు చేయుడు. సాధ్యమైనచో తెలుగులోనే చేయుడు.