కూలరు, మూడో పిన్ను, నా పొదుపు
(మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి ఖర్చు తగ్గించుకునే పనుల గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను ఇంజనీరును కాను. ఎల్.డి.సి.గా చేరి ముప్ఫై ఆరేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. కాకపోతే ఎల్.బి.నగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు చేతిలో డబ్బు మిగల్లేదు, అందుకని స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్చుకున్నాను.

ముందు కరెంటు బిల్లు. మనలో చాలామంది బిల్లులో మొత్తం చూసి నిట్టూరుస్తారే గాని యూనిట్లు చూడరు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున కలిపి 820 రూపాయలు. 201 యూనిట్లు అయితే? మొత్తం లెక్క పై తరగతిలోకి పోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిటుకు 7.70. అంటే ఒక్క యూనిటు మీద 207 రూపాయల 70 పైసల తేడా! ఇతర చార్జీలు కలపకుండానే ఇది. ఇంక్రిమెంటు ఒక్కరోజు తేడాతో పోతే ఎంత గోల చేసేవాళ్లం? ఇదీ అలాంటిదే. నెలలో ఇరవయ్యో రోజున మీటరు దగ్గరకు వెళ్లి రీడింగు ఒక కాగితం మీద రాసుకోండి. నేను క్యాలెండరు మీదే రాస్తాను.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. ఇప్పుడొచ్చే బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 వాట్ల చిల్లర చాలు, 11 యూనిట్లతో సరిపోతుంది. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగేది ఒక్కటి మార్చండి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని పాత సామాన్ల వాడికి ఇచ్చేయకండి. చాలాసార్లు పోయేది కండెన్సరు. వంద రూపాయల లోపు వస్తువు. పాతదాని మీద 2.5 అనో మరొకటో అంకె ఉంటుంది, అదే అంకె గలది తేవాలి. కోఠీ గుజరాతీ గల్లీలో దొరకని సామాను లేదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే దగ్గరే. అయితే మన వయసులో స్టూలెక్కడం వద్దు. వస్తువు మనం తెచ్చి, పని కుర్రవాడి చేత చేయిద్దాం. స్విచ్చి ఒక్కటే కాదు, మెయిన్ కూడా ఆపించాలి.

ఇక అసలు సంగతి. ఇది చెప్పడానికి మా ఆవిడ అనుమతి తీసుకునే వచ్చాను. ఆమె ముందు వరుసలోనే ఉన్నది.

2003 ఎండాకాలంలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇనప కూలరు కొన్నాను. దాని ప్లగ్గుకు మూడు పిన్నులు, మా హాలు గోడకు రెండు రంధ్రాల సాకెట్టు. కొత్త సాకెట్టు, వైరు, మనిషి కూలి అన్నీ దండగ అనిపించి మూడో పిన్ను కోసేశాను. కోసి, నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మూడు వారాలు చల్లగా నడిచింది. ఒక మధ్యాహ్నం ఆవిడ నీళ్లు పోయడానికి బకెట్టుతో వెళ్లింది. నేల తడి, కాళ్లకు చెప్పులు లేవు. లోపల పంపు వైరు పొట్టు ఊడి డబ్బాకు తగిలి ఉంది. ఆమె చెయ్యి కూలరుకు అతుక్కుపోయింది, నోట మాట లేదు. నేను పరుగెత్తి పట్టుకోబోతుంటే పక్కింటి పిల్లవాడు "తాతా, ముట్టుకోవద్దు!" అని అరిచి మెయిన్ ఆపేశాడు. పదో తరగతి పిల్లవాడు. వాడు లేకపోతే ఈ ప్రసంగమూ లేదు, మేమిద్దరమూ లేము. ఆ రాత్రి ఆస్పత్రిలో గడిచింది. ఆమె వేళ్లకు తిమ్మిరి తగ్గడానికి రెండు నెలలు పట్టింది. నేను మిగుల్చుకున్నది నూరో నూటయాభయ్యో.

ఆ మూడో పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా గమనించారా? సాకెట్టులోకి ముందుగా అదే తగలాలని. డబ్బాకు కరెంటు తగిలితే అది మన ఒంట్లోంచి కాక ఆ తీగలోంచి భూమిలోకి పోతుంది. తర్వాత ఎలక్ట్రీషియను వచ్చి చూస్తే ఇంకో చోద్యం బయటపడింది. వంటింట్లో మూడు రంధ్రాల సాకెట్టు ఉంది గాని, దాని ఎర్తు తీగ బోర్డు లోపలే ముగిసిపోయింది! అంటే ఎర్తు ఉన్నట్టు కనబడుతుంది, ఉండదు. మీ ఇంట్లో ఎలా ఉందో ఈ వారంలోనే తెలిసినవాడి చేత పరీక్ష చేయించండి. టెస్టరు వెలిగిందని సంబరపడితే లాభం లేదు, అది ఎర్తు సంగతి చెప్పదు.

మా ఇంటికి గొయ్యి తవ్విస్తే మూడడుగులకే రాయి తగిలింది. మన హైదరాబాదు నేల కదా! చివరికి సంపు పక్కన మెత్తని చోటు దొరికింది. ఎనిమిదడుగుల జి.ఐ. పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించాం. ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. బియ్యం కడిగిన నీళ్లు కూడా నేను అక్కడే పోస్తాను. పైపుకు తీగ బిగించిన చోట తుప్పు పడితే అంతా వృథా, ఏటా చూసుకోవాలి. దీంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు దారి తప్పిందంటే తనంతట తానే ఆపేస్తుంది. దాని మీద పరీక్ష బటను ఉంటుంది. నేను పెన్షను పడిన రోజున నొక్కి చూస్తాను, అలా అయితే మరచిపోను. కూలర్లో నీళ్లు పోసేటప్పుడు ఎర్తు ఉన్నా సరే, ప్లగ్గు పీకేయాల్సిందే.

కొళాయి సంగతి క్లుప్తంగా. కారే కొళాయి కింద గ్లాసు పెట్టి గడియారం చూడండి. పావులీటరు గ్లాసు పది నిమిషాల్లో నిండితే రోజుకు 36 లీటర్లు, నెలకు వెయ్యి దాటుతుంది. పోయింది ఒక వాషరు. అంతే.

ఫోను గురించి ఒక్క మాట. "మీ బిల్లు కట్టలేదు, ఈ రాత్రి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మెసేజి వస్తే చేయకండి. నాకూ వచ్చింది. క్యాలెండరు మీద రాసుకునే అలవాటు వల్ల బిల్లు కట్టిన తేదీ ఎదురుగానే ఉంది, బతికిపోయాను. ఎవరైనా మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఈ హాల్లో ఎడమవైపు రెండో ఫ్యాను పొద్దుటి నుంచి నీరసంగా తిరుగుతోంది. 2.5 కండెన్సరు నా సంచిలోనే ఉంది. భోజనాలకు లేచినప్పుడు మెయిన్ ఎక్కడుందో వాచ్‌మన్ చూపిస్తానన్నాడు, స్టూలెక్కడానికి అధ్యక్షుల వారి మనవడు ఒప్పుకున్నాడు. సెలవు.