మలద్వారం లేని బిడ్డ: ఒక్క లోపం వద్ద ఆగరాని పరీక్ష

(తల్లుల ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి విషయం నలుగురిలో చెప్పుకొనేది కాదని మాకు తెలుసు. మలద్వారం అన్న మాట వినగానే ముందు వరుసలో కొందరు తల దించుకున్నారు. ఆ సిగ్గు వల్లనే బిడ్డలకు నష్టం జరుగుతున్నది గనుక మేము ఆ మాటను దాచకుండానే పలుకుతాము. మేము వైద్యులము కాము. గుమాస్తా ఉద్యోగంలో దస్త్రాల మధ్య తల నెరిసినవారము. పిల్లల శస్త్రవైద్యులను అడిగి తెలుసుకున్నది, కుటుంబాల వెంట తిరిగి చూసినది మాత్రమే చెబుతాము.

సుమారు 5000 కాన్పులకు ఒక బిడ్డ మలద్వారం సరిగా ఏర్పడకుండా పుడుతుంది. మగబిడ్డలలో పేగు చివర తరచుగా సన్నని దారి గుండా మూత్రనాళంలోకి తెరుచుకొని ఉంటుంది. మూత్రంతో పాటు మలం కనబడుతుంది. ఆడబిడ్డలలో ఆ దారి యోనిద్వారం పక్కన తెరుచుకోవచ్చును. మలం ఎలాగో వస్తున్నది కదా అని ఇంటివారు ఊరుకుంటారు. అన్నం తినిపించే వయసులో మలబద్ధకం ముదిరి, పొట్ట ఉబ్బినప్పుడు గాని సంగతి బయటపడదు. కాన్పు కాగానే బిడ్డ కాళ్లు పైకెత్తి వెలుతురులో చూడడం అరనిమిషం పని. ఆ అరనిమిషం చూడనందుకు పొట్ట ఉబ్బి, పసరు కక్కుతూ మూడవ రోజున ఆస్పత్రికి చేరిన బిడ్డలను మేము ఎరుగుదుము.

ఇక మేము ఇక్కడికి వచ్చిన అసలు కారణం వేరు.

కొన్నేళ్ల క్రితం మా పేటలో ఒక మగబిడ్డకు ఈ లోపం కనబడింది. రెండవ రోజుననే కొలాస్టమీ చేశారు. అంటే పెద్దపేగును పొట్టమీదకు తెచ్చి మలానికి తాత్కాలికంగా దారి ఇవ్వడం. కొన్ని నెలలకు మలద్వారం నిర్మించారు. పిమ్మట పొట్టమీది దారి మూశారు. మూడు ఆపరేషన్లూ గట్టెక్కిన రోజున ఆ ఇంట సేమ్యా పంచారు, మేమూ తిన్నాము. ఆరేళ్లు వచ్చేసరికి బిడ్డకు మాటిమాటికీ జ్వరం. వాతావరణం మారిందన్నారు, మందులు వాడారు. చివరకు స్కానింగు తీస్తే ఒక మూత్రపిండం పుట్టుకతోనే లేదు. ఉన్న ఒక్కటీ మూత్రం వెనక్కి తన్నడం వల్ల సగం దెబ్బతిన్నది. మొదటి డిశ్చార్జి కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక పంక్తి ఉన్నది: గుండెకు ఎకో, మూత్రపిండాలకు స్కానింగు చేయించవలెనని. ఆ ఇంట ఇంగ్లీషు చదవగలవారు లేరు. ఆస్పత్రిలో ఎవరూ నోటితో చెప్పలేదట. కాని ఆ కాగితాన్ని నకళ్లు తీయించడానికి మూడుసార్లు చేతబట్టుకున్నవారము మేము. ముద్రలు, తేదీలు చూశాము, ఆ పంక్తి చదవలేదు.

వైద్యులు చెప్పేది ఇది. గర్భం నిలిచిన తొలి రెండు నెలలలోనే శిశువు పేగు చివర, మూత్రపిండాలు, వెన్నెముక, గుండె ఇంచుమించు ఒకే కాలంలో రూపు కడతాయి. అందువల్ల ఒకచోట లోపం కనబడితే మరొకచోట వెదకవలసిందే. ఈ బిడ్డలలో సుమారు సగం మందికో, అంతకు మించియో మరొక లోపం ఉంటుంది. వెన్నుపూసలు, మలద్వారం, గుండె, అన్నవాహిక-శ్వాసనాళం, మూత్రపిండాలు, చేతులు: వీటిలో కనీసం మూడింటిలో లోపాలు కలిసి వస్తే, ఆ ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు కూర్చి వాక్టెర్ల్ అంటారు. అన్నవాహిక మూసుకొని ఉంటే పాలు పట్టగానే నురగ కక్కి బిడ్డ నీలిబారుతుంది. కాబట్టి మలద్వారం లేదని తెలిసిన బిడ్డకు పాలు పట్టకముందే సన్నని గొట్టం పొట్టలోకి దిగుతున్నదో లేదో చూడాలి. ఆపరేషనుకు ముందు గుండెకు ఎకో కావాలి. వెన్నుపాము కిందికి అతుక్కొని ఉన్నదేమో మొదటి మూడు నెలలలో మామూలు స్కానింగులోనే తెలుస్తుంది. ఎముక గట్టిపడ్డాక ఎమ్మారై తప్పదు. ఆడబిడ్డల గర్భసంచి, యోని మార్గం కూడా పరీక్షించాలి. లేకుంటే పుష్పవతి అయ్యాక రక్తం బయటకు రాక కడుపునొప్పితో బాధపడే ప్రమాదం ఉన్నది.

ఇంత చెప్పినా, ఇంట్లో మొదటి ప్రశ్న తల్లి మీదికే పోతుంది. గ్రహణం వేళ కత్తి పట్టిందా, ఏం తిన్నది అని. అక్కలారా, ఇది మీ తప్పు కాదు. ఎక్కువమందిలో కారణమే తెలియదు. కొద్దిమందిలో వంశంలో ఉంటుంది. గర్భానికి ముందే ఉన్న షుగరును అదుపు చేయకపోతే పుట్టుక లోపాల ప్రమాదం పెరుగుతుందన్నది మాత్రం నిజం. దానికి పరీక్ష చేయించవలసిన బాధ్యత అత్తింటివారిదీ, భర్తదీ కూడా.

మలద్వారాన్ని వెనుకవైపునుండి తెరిచి, కండరాల నడుమ పేగును అమర్చే పద్ధతిని 1980లో మెక్సికోలో డాక్టర్ అల్బెర్టో పేన్యా ఆరంభించారు. అయితే ఆపరేషను బల్లమీద పని ముగియదు. కొత్త ద్వారం మూసుకుపోకుండా తల్లి నెలల తరబడి రోజుకు రెండుసార్లు లోహపు కడ్డీతో వెడల్పు చేయాలి. బిడ్డ ఏడుస్తుంటే ఆ పని చేసే చేతులు ఎలా వణుకుతాయో మేము చూశాము. కొందరికి పెద్దయ్యాక కూడా మలం అదుపులో ఉండదు. రోజుకొకసారి ఎనిమా ఇచ్చి పేగు ఖాళీ చేస్తే ఆ రోజంతా బడిలో శుభ్రంగా కూర్చోగలరు. ఈ సంగతి తెలియక చదువు మాన్పించినవారున్నారు. దుస్తులు పాడు చేస్తాడని ఒక అబ్బాయిని మదరసా నుండి పంపివేసిన సందర్భంలో మేము ఆలిమ్‌లను అడిగాము. ఆగకుండా వెలువడేవాడు మాజూర్. హనఫీ పద్ధతిలో ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకొంటే ఆ వేళకు చాలునన్నారు. అబ్బాయి తిరిగి చేరాడు.

కాగితాల విషయం మా వృత్తికి సంబంధించినది గనుక కొంచెం ఎక్కువసేపు పట్టిస్తాము, క్షమించాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ల దశలు ఉన్నాయి. పుట్టినప్పటినుండి 18 ఏళ్ల వరకు బిడ్డలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి నడుస్తున్నది. అంగన్‌వాడీలోనో, బడిలోనో ఆ బృందాన్ని అడగవచ్చును. మన ఇళ్లలో అడ్డుపడేది పేరు. తల్లి ఒక కార్డులో బీ, మరొక కార్డులో బేగం. తండ్రి ఒకచోట షేక్, ఇంకొకచోట షైక్. కాన్పుకు ముందే సరిచేయించుకోండి. ఆపరేషను గదికి పోయే బిడ్డను పక్కన పెట్టుకొని ఆ పని కాదు.

ఆ బాలుడికి ఇప్పుడు పదేళ్లు. మూడు నెలలకొకసారి రక్తపరీక్షకు పోతున్నాడు. ఫైలు మా వద్దనే ఉన్నది.

సభ ముగిశాక వెనుక గదిలో కూర్చుంటాము. డిశ్చార్జి కాగితాలు ఉన్నవారు తీసుకొని రండి. నకళ్లు వద్దు, అసలువే తీసుకొని రండి. ఈసారి చివరి పంక్తి దాకా చదివి, ఏయే పరీక్షలు మిగిలిపోయాయో తెలుగులో రాసి ఇస్తాము.