రెండు మదుముల మధ్య

   

స్నాతకోత్సవానికి పిలిచిన వక్త, పట్టాలు అందుకుంటున్నవాళ్లకి లోకాన్ని మార్చమని చెప్పడం ఆనవాయితీ. లోకం చాలా పెద్దది. నేను కాలవ గట్టు గురించి మాట్లాడతాను. గట్టంటే మొత్తం గట్టు కూడా కాదు, పొలాలకి నీళ్లొదిలే ఒక మదుము దగ్గర మొదలై పక్క మదుము దగ్గర ఆగిపోయే ముక్క గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, నాకేం ఇబ్బంది లేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారుజామున గట్టు మీద ఎవరుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో కొందరు నిన్నమొన్నటి దాకా అక్కడే ఉన్నారు. ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు 1,600 మీటర్ల పరుగు సాధన చేసేది అక్కడే. ఊళ్లో మైదానం ఉండదు. ఉన్నా అందులో ధాన్యం ఆరబోసి ఉంటుంది. రోడ్డు మీద లారీల భయం. గట్టు మాత్రం చదునుగా, తిన్నగా, బళ్ల గొడవ లేకుండా సాగిపోతుంది. కాస్త వెలుగొచ్చాక షుగరున్న పెద్దవాళ్లు నడకకి వస్తారు. ఆ తర్వాత బట్టల మూటలతో రజకులు, గేదెలు తోలుకొచ్చేవాళ్లు, గాలాలతో పిల్లలు. చిత్రమేమిటంటే వీళ్లలో ఎవరి కోసమూ ఆ గట్టు కట్టలేదు.

కట్టింది నీళ్ల కోసం, దాని మీద బాట వదిలింది కాలవకి కాపలా ఉండే లస్కరు కోసం. తోటపల్లి దగ్గర నాగావళి మీద పాత రెగ్యులేటరు 1908 నాటిది. ఆ కాలవల కింద ఉన్న పాత ఆయకట్టు 64 వేల ఎకరాలు. 2015లో అక్కడే సర్దార్ గౌతు లచ్చన్న పేరుతో కొత్త బ్యారేజీ వచ్చింది. దిగువన నారాయణపురం ఆనకట్ట ఉంది, వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. కట్టిన కాలాలు వేరైనా పద్ధతి ఒకటే. తవ్విన మట్టిని పక్కన పోసి, గట్టిపడేలా తొక్కించి, మనిషి నడిచేంత బాట వదిలిపెట్టారు. లస్కరు భుజాన పార వేసుకుని తన హద్దంతా నడిచేవాడు. ఎక్కడ ఎలుక బొరియ పడింది, ఎక్కడ గట్టు చెమ్మగిల్లుతోంది, ఏ మదుము తలుపు రాత్రికి రాత్రి ఎవరెత్తారు... ఇవన్నీ అతని నాలుక చివర ఉండేవి. గండి పడ్డాక పూడ్చేవాడు కాదతను, పడకుండా చూసేవాడు. ఇప్పుడు ఒక లస్కరు రిటైరైతే ఆ చోట ఇంకొకరు రావడం అరుదు. బాట మిగిలింది గానీ జీతం తీసుకుని దాని మీద నడిచే మనిషి తగ్గిపోయాడు. ఖాళీ అయిన చోటుని తుమ్మ కంపలూ మందు సీసాలూ పంచుకున్నాయి. గట్టు మట్టి ట్రాక్టర్లకెక్కి ఇళ్ల పునాదుల్లోకి పోతోంది.

విజయనగరం పట్నం పిల్లలకి కాలవ గట్టు బదులు చెరువు గట్లున్నాయి. బొబ్బిలి యుద్ధం తర్వాత పైడితల్లమ్మ విగ్రహం దొరికిందని జనం చెప్పుకునే పెద్దచెరువు ఒకటి, అయ్యకోనేరు ఒకటి. ఎం. హరిజవహర్‌లాల్ గారు కలెక్టరుగా ఉన్న రోజుల్లో హరిత విజయనగరం పేరిట మొక్కలు నాటారు, జనాన్ని కూడగట్టి చెరువుల్లో చెత్త తీయించారు, తానూ దిగారు. జిల్లా అధికారి బురదలో నిలబడితే చుట్టూ వంద చేతులు లేస్తాయి. మంచిదే. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. కలెక్టర్లకి బదిలీలుంటాయి, గుర్రపుడెక్కకి బదిలీ లేదు. అనువైన నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఒక ఆదివారం వెయ్యిమంది వచ్చి పీకితే దానికి అయ్యే నష్టం తక్కువ. ప్రతి ఆదివారం ఇద్దరొచ్చి చూస్తే మాత్రం దానికి కష్టం.

మన జిల్లాల వాళ్లకి స్వచ్ఛందంగా పనిచేసే గుణం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టినప్పుడు, ఎవరూ పిలవకుండానే బియ్యం మూటలతో, నీళ్ల డబ్బాలతో, రంపాలతో వెళ్లిన కుర్రాళ్లున్నారు. తుపాను అంటే పరిగెత్తుకెళ్తాం. పూడిక అంటే కదలం. పూడికకి తుపానులాగా పేరు పెట్టరు, అది ఫలానా తేదీన తీరం దాటదు, టీవీలో కనబడదు. ఏటా బెత్తెడు చొప్పున పెరిగి, ఒక ఏడు చివరి పొలానికి నీళ్లు రాకుండా చేస్తుంది.

ఇక్కడ మీకు ఒక దూరదేశపు కాలవ కథ చెప్పాలి. మీలో కొందరు రేపు వెళ్లబోయే మేరీల్యాండ్, వర్జీనియాల మధ్య పొటోమాక్ నది ఒడ్డున అది ఉంది. పేరు చీసపీక్ అండ్ ఒహాయో కాలువ. 1828లో తవ్వడం మొదలుపెట్టారు. ఒహాయో నది దాకా తీసుకెళ్లాలని సంకల్పం. 1850లో కంబర్లాండ్ అనే ఊరు చేరేసరికి ఓపికా డబ్బూ అయిపోయి అక్కడే ఆపేశారు. పేరులో మాత్రం ఒహాయో ఉండిపోయింది. మన శిలాఫలకాలు గుర్తొస్తే నా తప్పు కాదు. బొగ్గు పడవల్ని కంచరగాడిదలు ఒడ్డు మీది బాట వెంట లాక్కెళ్లేవి. రైలు వచ్చాక గిరాకీ తగ్గింది. 1924 వరదతో పడవలు ఆగిపోయాయి. 1938లో ప్రభుత్వం కొనుక్కుంది. 1950ల్లో ఆ కాలవ వెంట కార్ల రోడ్డు వేద్దామన్నారు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక కూడా 1954 జనవరిలో సంపాదకీయం రాసి సై అంది.

అప్పుడు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకుడికి ఉత్తరం రాశాడు. వచ్చి నాతో నడవండి, నడిచాక మీ అభిప్రాయం మారుతుంది అన్నాడు. ఆ మార్చిలో బయల్దేరారు. 184 మైళ్ల పైచిలుకు, మన లెక్కలో దాదాపు 300 కిలోమీటర్లు, ఎనిమిది రోజులు. కొంతమంది మధ్యలో ఆగారు, కొంతమంది మధ్యలో కలిశారు. మొదటి నుంచి చివరి దాకా నడిచింది న్యాయమూర్తితో కలిపి తొమ్మిదిమంది. పత్రిక తన మాట మార్చుకుంది. 1971లో ఆ కాలవ జాతీయ చారిత్రక ఉద్యానమైంది.

పెద్దమనిషి నడిచాడు, కాలవ బతికింది అని అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చింది దీని తర్వాతి భాగం. ఆ నడక నుంచి పుట్టిన సంఘం ఆ బాటని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో మనిషికి అప్పజెప్పింది. ఆ మనిషి తన ముక్క మీద అప్పుడప్పుడు నడవాలి, కనబడిన చెత్త ఏరాలి, పడిపోయిన చెట్టు, కొట్టుకుపోయిన బాట, పగిలిన రాతికట్టు ఏదైనా ఉంటే రాసి పంపాలి. అంతే పని. ఇంకొందరు సైకిళ్ల మీద తిరిగి దారి తప్పినవాళ్లకి దారి చూపిస్తారు, దెబ్బ తగిలితే కట్టు కడతారు. పాత లాకుల పక్కన కాపలాదారులుండే ఇళ్లని బాగుచేసి రాత్రి బసకి ఇస్తున్నారు, వాటినీ స్వచ్ఛంద కార్యకర్తలే చూసుకుంటారు. అక్కడి లస్కరు పోయాడు, అతని నడకని వందలమంది పంచుకున్నారు. మన తెలుగువాళ్లు ఆదివారాలు పులిహోర డబ్బాలతో అక్కడికెళ్లి ఫొటోలు తీసుకుని ఎంత బాగుందో అని పంపిస్తుంటారు. బాగున్నదెలాగో ఎవరూ రాయరు.

దీన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి, ఇది నాకు ముఖ్యమైన మాట. మీరు పార పట్టొద్దు.

ఆశ్చర్యపోకండి. వేసవిలో మన కాలవల్లో, చెరువుల్లో పూడిక తీసేది ఉపాధి హామీ కూలీలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ పని రోజులు వాళ్ల ఇంటి ఖర్చులు. మీరు టోపీలు పెట్టుకుని శ్రమదానం పేరిట ఒక పూట తట్టలు మోసి ఫొటో దిగితే, తీసిన మట్టి ఎంతో గానీ, ఆ ఆడకూలీ పనిదినం కొంత మీ ఖాతాలోకి వెళ్తుంది. చదువుకున్నవాళ్లు ఉచితంగా ఇవ్వాల్సింది కూలి కాదు. చూడ్డం, లెక్క రాయడం, అడగడం, మళ్లీ వెళ్లి చూడ్డం. ఈ పనులకి ఎవరూ కూలి ఇవ్వరు, అందుకే ఎవరూ చేయరు. లస్కరు పోస్టు నింపమని అర్జీ పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. మనం నడుస్తున్నాం కాబట్టి ఇక లస్కరు అక్కర్లేదని ఎవరైనా అంటే, మనం చేసిన మేలు కన్నా కీడు ఎక్కువైనట్టు.

అడగడానికి చోటూ ఉంది. 1997 చట్టంతో మన రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. మీ కాలవకి ఒక సంఘం ఉంటుంది, దానికి అధ్యక్షుడుంటాడు, ఆయన మీ వీధిలోనే టీ తాగుతుంటాడు. ఆయనకి మీరు ఫలానా తేదీన, ఫలానా మదుము దగ్గర గట్టు చెమ్మగిల్లింది అని రాసివ్వండి. మొదటిసారి మడిచి జేబులో పెట్టుకుంటాడు. నాలుగోసారి ఇంజనీరుకి ఫోన్ చేస్తాడు. తలుపులు మాత్రం మీరు ముట్టుకోకండి. మదుము తలుపు దగ్గర ఊళ్లకి ఊళ్లే కొట్టుకున్న సందర్భాలున్నాయి, మంచి ఉద్దేశంతో తిప్పినా గొడవ గొడవే.

మరి గట్టుని పార్కు చేద్దామా? ఉత్సాహవంతులు వెంటనే ఇనుప కంచె, టిక్కెట్టు బల్ల, సిమెంటు పులి అంటారు. నాకు భయమేస్తుంది. కంచె వేసిన రోజున మొదట బయటికి పోయేది బట్టలుతికే రాయి, ఆ తర్వాత గేదె. ఆ గట్టు మీద వాళ్లు మనకన్నా సీనియర్లు. నడిచేవాళ్ల హాయి కోసం బతికేవాళ్ల రేవు మూసేస్తే అది ఉద్యానం కాదు, ఆక్రమణ. నీడకి నాలుగు చెట్లు, కూర్చోడానికి రెండు అరుగులు, మెట్లున్న ఒక రేవు, దీపాలు. వీటికి మించి గట్టు మోయలేదు కూడా. బరువైన కట్టడం మట్టికట్టకి మంచిది కాదని మీలో సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లు నాకన్నా బాగా చెబుతారు.

దీపాల మాట ఊరికే అనలేదు. ఒక కాలవ గట్టు బాగుందో లేదో తెలుసుకోడానికి నాకు ఒక కొలత ఉంది. సాయంత్రం ఏడింటికి దాని మీద ఎంతమంది ఆడవాళ్లు నడుస్తున్నారు? ఎవరూ లేకపోతే మీరు పూలమొక్కలు ఎన్ని నాటినా దండగ. పొద్దున్న పరుగుకి వచ్చేవాళ్లలో అమ్మాయిలెందరు అన్నది రెండో కొలత. ఆముదాలవలస పక్క ఊసవానిపేట నుంచి బయల్దేరిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చింది. అయినా ఈ రోజుకీ ఊరి ఆడపిల్లకి ఆడుకోడానికి సరైన చోటు చూపించలేకపోతున్నాం. గట్టు మీద చూసింది మీరు రాసిపెట్టే పుస్తకంలో మట్టి చెమ్మతో పాటు ఈ లెక్క కూడా ఉండాలి. ఇంకోటి, ఈత. ఏటా వేసవిలో కాలవల్లో, చెరువుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉంటాం. రేవు దగ్గర ఒక ట్యూబు, పొడుగాటి తాడు, ఈత వచ్చినవాళ్లు ఇద్దరు, లోతు రాసిన ఒక రాయి. ఖర్చు లేని పని.

ఇదంతా జరిగేదేనా అని అనుమానమొస్తే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లిరండి. శీతాకాలం ముందు గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, పిల్లల్ని చేసుకుని వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. ఊరంతా రెట్టల వాసన. అయినా ఆ ఊరివాళ్లు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు, పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు. అటవీశాఖ బోర్డు పెట్టకముందు నుంచీ అంతే. అక్కడ ఎవరికీ స్వచ్ఛంద కార్యకర్త అనే బ్యాడ్జీ లేదు.

ఇంతకీ మీ నుంచి నేను కోరేది చెబుతాను. ఇక్కడే ఉండేవాళ్లు మీ ఊరి దగ్గర రెండు మదుముల మధ్య ముక్క ఒకటి తీసుకోండి. చెరువున్న ఊరైతే తూము నుంచి మిగులు నీళ్లు పొర్లిపోయే కళింగు దాకా. నెలకోసారి నడవండి, ఒక పేజీ రాయండి. హైదరాబాదో బెంగళూరో డల్లాసో వెళ్లేవాళ్లకి వేరే విన్నపం. ఊరికి ఏదైనా చేయాలనిపించినప్పుడు తాతగారి పేరుతో ఆర్చీ కట్టించకండి. ఆర్చీలు చాలానే ఉన్నాయి, కొన్ని ఊళ్లలో ఇళ్లకన్నా ముందు అవే కనబడుతున్నాయి. గట్టు మీద రెండు సోలారు దీపాలు పెట్టించి, వాటి బ్యాటరీలు మార్చే ఖర్చు పదేళ్లు భరిస్తానని రాసివ్వండి. దీపం పెట్టడానికి దాతలు దొరుకుతారు, బ్యాటరీకి దొరకరు.

సంక్రాంతి నాటికి వరి కోతలైపోయి కాలవల్లో నీళ్లు కట్టేసి ఉంటారు. అడుగు కనబడుతుంది, పూడిక ఎంతుందో, రాతికట్టు ఎక్కడ జారిందో తెలుస్తుంది. నడవడానికి అదే సమయం. పండక్కి ఊరికి రానే వస్తారు. కనుమ నాడు సాయంత్రం కోడిపందేల దగ్గర ఎలాగూ నిలబడతారు గనక, మర్నాడు పొద్దున్న గట్టు మీదకి రండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని. తుమ్మముళ్లు గట్టివి. హాలు బయట బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించమని రిజిస్ట్రారు గారిని అడిగాను, పెట్టించారు. ఊరి పేరు, మదుము గుర్తు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి. తల్లిదండ్రులు కూడా రాయొచ్చు, పట్టా అక్కర్లేదు.