ఆచారము, ధర్మశాస్త్రము, చట్టము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మతము, చట్టము, సంఘము అను మూటికి గల సంబంధమును మన యువకులు విశ్వవిద్యాలయములలో చదువుటవలన ప్రయోజనమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రత్యుత్తరము మన యిండ్లలోనే యున్నది. కర్నూలు, కడప సీమలలో ఇల్లటమను మాట నెరుగని రైతుకుటుంబ మరుదు.

మనది మెట్టసీమ. వానలు తక్కువ, సేద్యమునకు నమ్మకమైన చేతులు కావలెను. కొడుకులు లేని గృహస్థు కూతునిచ్చి, అల్లుని తన యింటనే నిలుపుకొని, సేద్యభారము నతనిపై నుంచి, బదులుగా కొడుకుతో సమానమైన భాగ మిచ్చుటకు ఒడంబడును. పిదప కొడుకు పుట్టినను ఆ భాగము చెడదు. ఇది దత్తత కాదు. దత్తతకు పితృకార్యము ప్రధానము. ఇల్లటమునకు ఇచ్చిన మాటయు, చేసిన కష్టమును ప్రధానము. ఇల్లటపుటల్లుడు పుట్టినింటి హక్కును గోల్పోడు. విజ్ఞానేశ్వరుని మితాక్షరలో నిట్టి యేర్పాటు కానరాదు.

అయినను న్యాయస్థానములు దీనిని త్రోసివేయలేదు. 1868లో రామనాథపుర వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలువారు, స్పష్టముగా రుజువైన ఆచారము గ్రంథవచనముకంటె బలవత్తరమని తీర్మానించిరి. 1881లో మదరాసు హైకోర్టు బళ్ళారి, కర్నూలు జిల్లాల రెడ్లలోని యిల్లటపుటాచారమును అంగీకరించెను. రైతు నాగటిచాలున పుట్టిన ధర్మము న్యాయగ్రంథముల కెక్కినది.

కాని యిందొక లోపము గలదు. ఎవరి మూలమున నల్లు డా యింట నడుగుపెట్టెనో ఆ కూతురు ఒడంబడికలో భాగస్వామిని గాదు. 1956నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి యాస్తిలో కూతురికి భాగమిచ్చినను, ఉమ్మడి కుటుంబమున జన్మహక్కు కొడుకులకే నిలిచెను. ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకును ఆ హక్కు నిచ్చెను గాని, అంతకుముందు పెండ్లియైనవారిని విడిచెను. 2005నాటి సవరణ దేశమంతటను ఆ భేదమును తొలగించెను. ఆ సవరణనాటికి తండ్రి జీవించియుండ నక్కర లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను.

చట్టము గ్రామకచ్చేరి దాకా వచ్చినది. గడప దాటి లోనికి వచ్చినదా? కట్నకానుక లిచ్చితిమి గదా యని కూతురిచేత హక్కువిడుదల పత్రముపై సంతకము చేయించు ఇండ్లు నేటికిని గలవు. పుట్టింటి రాకపోకలు చెడునను భయమున నామె వ్రాలు చేయును. ఈ చిక్కును విప్పుటకు చట్టమొక్కటి చదివిన వకీలు చాలడు, స్మృతులొక్కటే చదివిన పండితుడును చాలడు. మూటిని కలిపి చదివినవారు కావలెను.

కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయము, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము వెలసినవి. పోషకులు విద్యార్థివేతనములు నెలకొల్పవలెననియు, అందు కన్యలకు సమభాగ ముంచవలెననియు, పెద్దలు తమ పెట్టెలలోని యిల్లటపు కాగితములను పరిశోధకులకు చూపవలెననియు ప్రార్థించుచున్నాము.

శాస్త్రము చెప్పకున్నను, అక్కరకు తగిన ఆచారమును మన పూర్వులు కల్పించుకొనిరి. చట్టము చెప్పినదానిని ఆచారముగా చేసికొనుట మనకు అసాధ్యమా? ఈ సభవారు యోచింతురుగాక యని విన్నవించి విరమించుచున్నాము.